గోడతెరకి వెనుకవైపు

నూజివీడు,
21 మార్చి 1986

హైమా,

నీకు నా దీవెనలు. నువ్వు బ్రసెల్స్ క్షేమంగా చేరావని, చలికి ముక్కు ఊడిపోతోందని, అక్కడి అన్నం ముద్దవుతోందని రాసిన ఉత్తరం పదమూడు రోజులకి చేరింది. ఈ మూడింట్లో మొదటిదొక్కటే నాకు కావలసిన కబురు. నీ వంటలో అన్నం ఇక్కడ కూడా ముద్దే అయ్యేది, బెల్జియాన్ని అని లాభం లేదు.

నేను కులాసా. రిటైరై రెండేళ్లయినా పొద్దున్న హైస్కూలు బెల్లు వినపడితే లేచి నిలబడుతున్నాను. ముప్పై మూడేళ్లు పిల్లలకి రాజుల పుట్టుకలూ చావులూ చెప్పినవాడికి మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఏం చెయ్యాలో తెలియడం లేదు. అర్జీలు రాయించుకునే వాళ్లు వస్తే ప్రాణం లేచి వస్తుంది. పింఛను, రేషను కార్డు, కరెంటు స్తంభం. "మాస్టారి చేతిరాతయితే ఆఫీసులో పనవుతుందండీ" అంటారు. ఆ మాట కోసం నాలుగు వాక్యాల అర్జీని రెండు పేజీలు చేస్తున్నాను.

మీ అన్నయ్య ఈ ఏడు విస్సన్నపేట దారిలో పెద్ద మామిడి తోట గుత్తకి పట్టాడు. మన ఇంటా వంటా లేని వ్యాపారం అని నేను గొణిగాను, భావన్న నవ్వాడు. సెకండ్‌హ్యాండు జీపు కూడా కొన్నాడు. దాని స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. తోటలో పనిచేసే యలమందకి లైసెన్సు ఉంది, ట్రాక్టరు తోలిన చెయ్యి. అయినా వాణ్ణి వెనకాల బుట్టల మధ్యే కూర్చోబెడతాడు. "నా జీపు నేనే తోలాలి మావయ్యా" అంటాడు. నాకు మాత్రం ముందు సీటు.

వ్యాపారానికి వీలుగా ఉంటుందని బజారులో గది తీసుకున్నాడు కాని, సాయంత్రం భోజనానికి ఇంటికే వస్తాడు. మా అక్కా బావా పోయి మీరిద్దరూ ఈ ఇంటికి వచ్చినప్పుడు నీకు ఆరేళ్లు, వాడికి పదకొండు. పెళ్లిచేసుకోని మాస్టారి వంటింట్లో అప్పుడు మొదలైన మూడు కంచాల చప్పుడు ఇప్పుడు రెండుకి వచ్చింది. ఆ రెండోది ఉండబట్టే నేను పొయ్యి వెలిగిస్తున్నాను.

అక్కడ నీ పనేంటో వివరంగా రాయి. హైదరాబాదు మ్యూజియంలో చీరలూ శాలువలూ బాగుచేసే పిల్లని ఏడాదిపాటు అంతదూరం ఎందుకు పంపారని పోస్ట్‌మాస్టరు అడిగాడు. నాకూ తెలియదని చెప్పడం నామోషీగా ఉంది.

మావయ్య
సోమయాజులు


బ్రసెల్స్,
9 ఏప్రిల్ 1986

మావయ్యా,

నమస్కారం. పోస్ట్‌మాస్టరుకి చెప్పు, నేను ఇక్కడ గోడతెరలకి వైద్యం నేర్చుకుంటున్నాను.

గోడతెర అన్నది నేను పెట్టుకున్న పేరు. మన హాలు గోడంత గుడ్డ. దానిమీద బొమ్మలు వేసినవి కావు, నేసినవి. రాజులు, గుర్రాలు, జెండాలు, వాళ్ల కాళ్లకింద చిన్న చిన్న పూలు, అన్నీ ఉన్ని దారం, పట్టు దారం. ఇప్పుడు మా బల్లమీద ఉన్నది ఏదో చిన్న ఊరి సభామందిరంలోంచి వచ్చింది. అయిదువందల ఏళ్ల కిందటిది. ఇలాంటివి ఊరిపెద్దలు తీర్పులు చెప్పే గదుల్లో వేలాడదీసేవారట. దొంగల్ని భయపెట్టడానికి కాదు, కుర్చీలో కూర్చున్నవాళ్లకి తలెత్తినప్పుడల్లా ధర్మం కనపడాలని.

దీన్లో రెండు కథలున్నాయి. ఎడమవైపు సగం శుభ్రం చెయ్యడం అయింది. ట్రాజన్ అని రోము చక్రవర్తి. సైన్యంతో యుద్ధానికి వెళుతున్నాడు. ఒక విధవరాలు గుర్రానికి అడ్డం వచ్చి, నా కొడుకుని చంపారు, న్యాయం చెయ్యమంటుంది. యుద్ధం నుంచి వచ్చాక చేస్తానంటాడు. నువ్వు తిరిగి రాకపోతే? నా తరవాత వచ్చేవాడు చేస్తాడు. వాడు చేస్తే ఆ పుణ్యం వాడిది, నీకేం మిగులుతుంది, అని అడుగుతుందావిడ. చక్రవర్తి గుర్రం దిగుతాడు. ఆ దిగుతున్న కాలు నేసిన చోట దారం తెగిపోయింది. వారం రోజులుగా నేను ఆ కాలిమీదే ఉన్నాను.

నీకు నచ్చే విషయం ఒకటి. నేసేవాడు వెనకవైపు కూర్చుని నేస్తాడు. ముందువైపు ఎలా వస్తోందో, మొత్తం నేసి మగ్గం మీంచి కోసేదాకా వాడికి కనపడదు. ముందువైపు ఎండకి, దీపాల పొగకి వెలిసిపోయింది. విధవరాలి చీర, చీర అనే అనుకో, గడ్డిరంగులో ఉంది. తిప్పి చూస్తే ఎర్రగా, నిన్న రంగద్దినట్టుంది. వెలుగు తగలని వైపు ఏదీ మాయలేదు.

పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆదివారాలే గడవవు. శనివారం సాయంత్రం కొట్లో "మెర్సీ" అని థాంక్స్ చెబితే మళ్లీ సోమవారం పొద్దున్న దాకా నోరు విప్పే పని ఉండదు. ఆవకాయ సీసాకి నువ్వు చుట్టి ఇచ్చిన పాత పేపరు నాలుగుసార్లు చదివాను. హనుమాన్ జంక్షన్‌లో సైకిలు పోగొట్టుకున్నాయన ప్రకటన నాకు కంఠతా వచ్చింది. ఆ సైకిలు దొరికిందేమో కనుక్కో.

హైమ


నూజివీడు,
3 మే 1986

హైమా,

సైకిలు దొరకలేదు. ఆ పేపరు రెండేళ్లనాటిది.

నీ ట్రాజన్ కథ చదివి కుర్చీలోంచి లేచాను. ఇది మన బెజవాడ మాధవవర్మ కథకి అన్నదమ్ముల వరస. రాజకుమారుడి రథంకింద పడి చింతచిగురు అమ్ముకునే ఆవిడ కొడుకు చనిపోతాడు. ఆవిడ రాజు దగ్గరికి వెళుతుంది. రాజు విచారణ చేసి సొంత కొడుక్కి మరణశిక్ష వేస్తాడు. అమ్మవారు మెచ్చి బెజవాడంతా బంగారు వాన కురిపిస్తుంది, పోయిన ప్రాణాలు తిరిగి వస్తాయి. ముప్పై మూడేళ్లు ప్రతి ఎనిమిదో తరగతికీ చెప్పాను. ఎనిమిదో తరగతిలో నువ్వే లేచి, "బంగారం కురవకపోతే ఏం చేసేవాడండీ?" అని అడిగావు. కూర్చోమన్నాను. జవాబు తెలియనప్పుడు మాస్టర్లు చెప్పే మాట అదే.

అయినా రాజులు న్యాయాన్ని గోడలమీద నేయించుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. చేతల్లో ఉంటే గోడకెందుకు? పట్టుదారం ఖర్చు తప్పేది. చరిత్ర పాఠం చెప్పినవాడిగా నాకు తోచింది ఇది: ఏ రాజు ఏ గుణాన్ని గోడకి వేలాడదీశాడో, అది అతని దగ్గర తక్కువైందని రాసుకోవచ్చు. దీనికి కోప్పడకు. నువ్వు బాగుచేస్తున్న కాలుమీద మాత్రం నాకు గౌరవమే.

ఇక్కడ రసాలు మొదలయ్యాయి. ఊరంతా మామిడి సొన వాసన. భావన్న కంటికి కనపడడం లేదు. కోత, బుట్టలు, జంక్షన్‌లో లారీకి అందించడం. నన్ను రోజు విడిచి రోజు తోటకి తీసుకెళుతున్నాడు. చెట్టుకింద మంచం వేయించి, "నువ్వు కాయలు లెక్కపెట్టకు మావయ్యా, ఊరికే కూర్చో. నువ్వుంటే కూలీలు కేకలేసుకోరు" అన్నాడు. ఆ కూలీల్లో సగంమంది నా దగ్గర చదివి మానేసినవాళ్లే. నా సెలవులు ఇన్నాళ్లకి మొదలైనట్టుంది.

మావయ్య


నూజివీడు,
10 జూన్ 1986

హైమా,

ఉత్తరం ఆలస్యమైంది. ఒంట్లో బాగానే ఉంది.

మే ఇరవై ఏడున తోట నుంచి వస్తుంటే మన జీపు ఒక సైకిలుకి తగిలింది. సైకిలుమీద ఉన్నతను పోయాడు. పేరు చిన్నరాయప్ప, మన తోటలోనే కాయలు కోసేవాడు. మధ్యాహ్నం పూట. జీపు యలమంద నడుపుతున్నాడు. నేను కునుకులో ఉన్నాను. పోలీసులకి అదే చెప్పాను. యలమందని బెయిలుమీద వదిలారు. కేసు విచారణకి రావడానికి నాలుగైదు నెలలు పడుతుందన్నారు.

భావన్న కులాసా. నువ్వేమీ బెంగపెట్టుకోకు. ఈ ఏడు పళ్లు అంత బాగా లేవు, నేను తినలేదు.

మావయ్య


బ్రసెల్స్,
4 జూలై 1986

మావయ్యా,

నీ ఉత్తరం అందింది. చిన్నరాయప్ప పోయాడని చదివి చాలా బాధపడ్డాను. నువ్వు ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తూ ఉండకు.

గోడతెర కుడివైపు సగం ఇప్పుడు మా బల్లమీద ఉంది. ఆ కథ రాస్తాను. హెర్కిన్‌బాల్డ్ అని ఈ ప్రాంతపు న్యాయాధికారి. ముసలివాడు, జబ్బుతో మంచంపట్టాడు. పక్కగదిలో తన మేనల్లుడు ఒక ఆడపిల్లని చెరిచాడని తెలుస్తుంది. ఉరి తియ్యమని మనుషుల్ని పంపిస్తే వాళ్లు కుర్రాడిమీద జాలిపడి, తీశామని అబద్ధం చెబుతారు. అయిదురోజుల తరవాత మేనల్లుడు, మావయ్య కోపం తగ్గి ఉంటుందని, తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూస్తాడు. ముసలాయన రమ్మని ప్రేమగా పిలుస్తాడు. దగ్గరికి తీసుకుని, తలగడకింది కత్తితో గొంతు కోస్తాడు.

చనిపోయేముందు గురువు వచ్చి పాపాలు చెప్పుకోమంటాడు. అన్నీ చెబుతాడు, ఇది చెప్పడు. ఎందుకని అడిగితే, అది పాపం కాదు, తీర్పు అంటాడు. గురువు ప్రసాదం పెట్టకుండా వెళ్లిపోబోతే, ప్రసాదం దానంతటదే ముసలాయన నోట్లోకి వచ్చి ఉంటుంది. ఇక్కడి బంగారు వాన అన్నమాట.

మాకు పని నేర్పే పెద్దావిడ ఒక తప్పు చూపించింది. నేతగాడు వెనకనుంచి నేస్తాడు కనుక, కింద పెట్టుకునే బొమ్మని ముందే కుడి ఎడమలు మార్చి గీసుకోవాలి. ఇక్కడ ఎవరో మార్చడం మరిచిపోయారు. అందుకని న్యాయాధికారి కత్తి ఎడంచేత్తో పట్టుకున్నాడు. ఆ ఊరి పెద్దలు తీసుకున్నాక గమనించి ఉంటారు. అయినా మూడువందల ఏళ్లు అలాగే వేలాడదీశారు.

నేను రోజూ ఆ మేనల్లుడి ముఖం దగ్గర కూర్చుని కుట్టుపని చేస్తున్నాను. వాడికి భయం లేదు మావయ్యా. పిలిచాడు కదా అని వస్తున్నాడు. దూరంనుంచి చూసేవాళ్లకి కత్తి కనపడుతుంది. దగ్గర కూర్చున్న నాకు ఆ ముసలాయన రెండో చెయ్యి కనపడుతుంది. అది కుర్రాడి వీపుమీద ఉంది. నిమురుతున్నట్టే ఉంది.

హైమ


నూజివీడు,
6 ఆగస్టు 1986

హైమా,

నీ ముసలి న్యాయాధికారి కథ నాకు నచ్చలేదు. చేత్తో అన్నం పెట్టి పెంచినవాడు అలా చెయ్యగలిగితే వాడు మనిషి కాదు, గోడమీది బొమ్మే. అందుకే వాణ్ణి గోడకి తగిలించారు. ప్రసాదం వచ్చి నోట్లో పడ్డదట! చక్కటి ఏర్పాటు. ఎవరింట్లో వాళ్లు మేనల్లుణ్ణి చంపితే మోక్షం ఇస్తామని ఊరిపెద్దలు చాటింపు వేయించినట్టుంది. ఇలాంటి కథలు పాలించేవాళ్లు రాయించినవి. ఇంట్లో కంచాలు కడిగేవాళ్లు రాసినవి కావు. నువ్వు చదువుకున్నదానివి. ఆ సంగతి నేను చెప్పాలా?

కోప్పడుతున్నానని అనుకుంటావు. కోప్పడడం లేదు. వానలు ఎడతెరిపి లేకుండా పడుతున్నాయి. వంటింటి గోడ నానింది.

చిన్నరాయప్ప భార్య కృపావతి అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. ఉంగుటూరు దగ్గర పుట్టిల్లు, అక్కడినుంచి వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. జీపు తోలినవాడికి గట్టి శిక్ష పడాలని కలెక్టరుగారికి అర్జీ. రాసిచ్చాను. చదివి వినిపించాను. "మీరు అక్కడే ఉన్నారు కదండీ మాస్టారూ, మీరు రాసిందంటే ఇంక తిరుగుండదండీ" అని వేలిముద్ర వేసింది. నకలు ఒకటి కావాలంటే అదీ రాసిచ్చాను. సిరా మరక అయిన వేలు తలకి తుడుచుకుంది.

ఆ తరవాత ఎవరికీ అర్జీలు రాయడం లేదు. కళ్లు బాగా లేవని చెబుతున్నాను.

భావన్న రోజూ భోజనానికి వస్తున్నాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం. వాడు చిక్కిపోయాడు. నేను వండింది తింటున్నాడు, అంతే చాలు. నువ్వు ఇకమీద గోడతెరల సంగతులు రాయకపోయినా పరవాలేదు. వాతావరణం రాయి.

మావయ్య


బ్రసెల్స్,
1 సెప్టెంబరు 1986

మావయ్యా,

వాతావరణం: మబ్బు.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. హెర్కిన్‌బాల్డ్ కథ నేను ఊరికే రాయలేదు. అది రాసేటప్పుడు నా బల్లమీద అన్నయ్య ఉత్తరం ఉంది. నీ జూన్ ఉత్తరంకంటే రెండురోజులు ముందే వచ్చింది. ఆ రెండురోజులూ నువ్వేం రాస్తావో అని ఎదురుచూశాను. అన్నయ్య ఇలా రాశాడు: "మావయ్య కునుకులో ఉన్నానని పోలీసులకి చెప్పాడు. కోర్టులో కూడా అదే చెప్పేలా నువ్వొక మాట రాయి. నీ మాటంటే ఆయనకి గురి." జీపు ఎవరు తోలుతున్నారో ఎక్కడా రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. స్టీరింగుమీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడని మార్చిలో నువ్వే రాశావు. యలమంద బుట్టల మధ్య కూర్చుంటాడనీ రాశావు.

నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. మేనెల దాకా ఎన్ని కబుర్లు, ఎన్ని వెక్కిరింపులు! జూన్ నుంచి నీ గొంతే లేదు. నువ్వు పళ్లు తినలేదని రాశావు. నూజివీడులో మే నెలలో రసం తినని మా మావయ్య ఎవరో నాకు తెలియదు. పని అలవాటై ఉత్తరాలు కూడా తిప్పి వెనకవైపు చూస్తున్నాను కాబోలు.

నిన్ను సూటిగా అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకని కథ చాటున అడిగాను. నీకు ఎక్కడ గుచ్చుకుంటుందో తెలిసే రాశాను. అది నా తప్పు, క్షమించు. అన్నయ్యకి జవాబు రాయలేదు. నీకు అబద్ధమే చెప్పమనీ రాయలేదు, నిజం చెప్పమనీ రాయలేదు. రెండు నెలలు ఇలా గడిపాను. గదిలో నాతో నేనే వాదించుకుంటుంటే పక్కగది ముసలావిడ తలుపు కొట్టి, ఎవరైనా వచ్చారా అని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఆ మాట అనేసరికి ఏడుపొచ్చింది.

ఇప్పుడు సూటిగానే అడుగుతున్నాను. ఆ రోజు ఏం జరిగింది?

హైమ


నూజివీడు,
24 సెప్టెంబరు 1986

హైమా,

నేను కునుకులో లేను.

ఆ రోజు కోత ఆలస్యమైంది. నాలుగింటికి జంక్షన్‌లో లారీ బయలుదేరుతుంది. భావన్న తొందరలో ఉన్నాడు. ముందు సీట్లో నేను, స్టీరింగు దగ్గర వాడు, వెనక యలమంద. మెల్లగా పోనీరా అన్నాను. "ఏం కాదు మావయ్యా, బుట్టలు కుదురుగానే ఉన్నాయి" అని వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు చాలు. ముందు సైకిలు, దానిమీద చిన్నరాయప్ప, భుజాన కాయలు కోసే చిక్కం కట్టిన గెడ. ఆ గెడ నా వైపు అద్దానికి కొట్టుకుంది. మెలకువగా ఉండబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను.

భావన్న పారిపోలేదు, అది కూడా రాయాలి. దిగి అతన్ని చేతులమీద ఎత్తుకుని జీపులో పెట్టాడు. అప్పుడు, రోడ్డుమీద ఇంకా ఎవరూ రాకముందు, యలమందని స్టీరింగు దగ్గర కూర్చోమన్నాడు. "నీకు లైసెన్సుంది, చిన్న శిక్షతో పోతుంది. నాకు లైసెన్సే లేదు. మీవాళ్లని నేను చూసుకుంటాను" అన్నాడు. లైసెన్సు లేదని నాకు అప్పుడే తెలిసింది. యలమంద నావైపు చూశాడు. భావన్న కూడా చూశాడు. వాడి చొక్కా నిండా రక్తం. "నువ్వు కునుకు తీస్తున్నావు కదా మావయ్యా?" అన్నాడు.

నేను తల ఊపాను. అంతే నేను చేసింది. నోటితో అబద్ధం చెప్పింది తరవాత, పోలీసుల దగ్గర. కాని నాకు కలలో వచ్చేది ఆ తల ఊపడమే. హాస్పిటలు చేరేలోపే చిన్నరాయప్ప పోయాడు.

ఇంకొకటి. ఆ పొద్దున్న చిన్నరాయప్ప కొమ్మమీదనుంచి దిగి, నా మంచం దగ్గరికి వచ్చి ఒక రసం ఇచ్చాడు. "చెట్టున పండిందండీ మాస్టారూ, లారీకి పనికిరాదు, మీరు తినండి" అన్నాడు. చేతిసంచిలో వేసుకున్నాను. మర్నాడు సంచి తీస్తే వాసన ఇల్లంతా కమ్మింది. పారెయ్యలేకపోయాను, తినలేకపోయాను. కుళ్లిపోయేదాకా గూట్లో ఉంచాను.

కృపావతి అర్జీలో "యలమంద అను డ్రైవరు అజాగ్రత్తగా నడిపి" అని నా చేత్తో రాశాను. గుండ్రంగా, వరస తప్పకుండా రాశాను. ఆవిడకి చదవడం రాదు. నేను రాసింది నిజమని నమ్మి వేలిముద్ర వేసింది. మీ నేతగాడు బొమ్మ తిప్పడం మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు, తెలిసి తిప్పాను.

వాయిదా నవంబరు పద్దెనిమిదిన. యలమందకి రెండేళ్ల దాకా పడవచ్చునట. నిజం చెబితే భావన్నకి అంతకంటే ఎక్కువే పడవచ్చు. వాడు మొన్న తింటూ తింటూ, "అప్పుడు నేను ఆగి ఉండాల్సింది మావయ్యా" అన్నాడు. ఆగాల్సింది జీపు తోలుతున్నప్పుడా, యలమందని కూర్చోమన్నప్పుడా అని నేను అడగలేదు. వాడికి ఇంకో గరిటె మజ్జిగ పోశాను.

నాకు అరవై ఏళ్లు. రేపు వాడు ఈ గడప తొక్కకపోతే ఈ ఇంట్లో నాతో తినేవాళ్లు లేరు. ఇది కారణం కాదని తెలుసు. అయినా కారణం ఇదే.

మావయ్య


బ్రసెల్స్,
13 అక్టోబరు 1986

మావయ్యా,

కోర్టులో నిజం చెప్పు.

నీకు తోచినట్టు చెయ్యమని రాయబోయి చింపేశాను. అలా రాస్తే నేను కూడా కునుకులో ఉన్నట్టే. అన్నయ్యకి ఇవాళే రాస్తున్నాను, మావయ్యని నిజం చెప్పమన్నది నేనేనని. కోపం వస్తే మనిద్దరిమీదా సగం సగం రానీ. వాణ్ణి ముందే ఒప్పుకోమని కూడా రాశాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు.

ఆ చక్రవర్తి కాలు పని పూర్తయింది. కొత్త దారం వేసినచోట రంగు కలిసిపోకుండా, దగ్గరికొస్తే తెలిసేలా కుట్టాలన్నది ఇక్కడి పద్ధతి. బాగుచేసిన చోటు దాచకూడదట.

నన్ను ఇంకో ఏడాది ఉండమన్నారు. ఉండనన్నాను. జనవరిలో వచ్చేస్తాను.

హైమ


నూజివీడు,
7 డిసెంబరు 1986

హైమా,

చెప్పాను.

ముందురోజు సాయంత్రం భావన్న భోజనానికి వచ్చినప్పుడే వాడికి చెప్పాను, రేపు ఉన్నది ఉన్నట్టు చెబుతానని. చాటుగా పిలిచి కత్తి తియ్యడం నావల్ల కాదు. వాడు ముద్ద కంచంలోనే పెట్టేశాడు. "నీ దగ్గర పెరగడం నా ఖర్మ" అన్నాడు. నీ ఉత్తరం జేబులోంచి తీసి కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కోకుండా వెళ్లిపోయాడు.

కోర్టులో నేను బోనెక్కి, ముందు పోలీసులకి చెప్పింది అబద్ధమని, మెలకువగానే ఉన్నానని, జీపు నా మేనల్లుడు భావనారాయణ నడిపాడని చెప్పాను. క్లాసులో చెప్పినట్టే, వెనక బెంచీకి వినపడేలా చెప్పాను. యలమంద తల దించుకుని ఏడ్చాడు. భావన్న నావైపు చూడలేదు. జడ్జీగారు నన్ను చాలా సేపు ప్రశ్నించారు. అబద్ధపు సాక్ష్యానికి నామీద కూడా చర్య ఉండవచ్చునని చెప్పారు. ఉండనీ. యలమందని వదిలేశారు. నాలుగురోజులకి భావన్నని అరెస్టు చేశారు. ఇక్కడి సబ్‌జైల్లోనే ఉన్నాడు. బెయిలు ఇంకా రాలేదు.

నువ్వు ఎనిమిదో తరగతిలో అడిగావు, బంగారం కురవకపోతే ఏం చేసేవాడని. నేను కూర్చోమన్నాను. ఇప్పుడు జవాబు తెలిసింది, రాసుకో. ఇంటికి నడిచి వస్తాడు. దారిలో తెలిసినవాళ్లు పలకరించరు, కొందరు పక్కకి తప్పుకుంటారు. వచ్చి తలుపు తీసుకుని ఒక మనిషికి బియ్యం కడుగుతాడు, అలవాటు చొప్పున ఎక్కువ పోసి.

కృపావతి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి అడిగింది: "ఆ అర్జీ రాసిన రోజు కూడా మీకు తెలుసాండీ మాస్టారూ?"

"తెలుసమ్మా" అన్నాను.

"మరి నాతో వేలిముద్ర ఎందుకేయించారండీ?"

హైమా, ముప్పై మూడేళ్లలో నన్ను అంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆవిడని కూర్చోమనడానికి కూడా లేదు, నా గుమ్మంలో కూర్చోవడం ఇష్టంలేకే నిలబడింది. కొంగుముడి విప్పి, మడతలు పడిన ఆ నకలు గడపమీద పెట్టింది. "ఇది మీదేనండీ" అని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ కాగితం బల్ల మీద, నాకు ఎదురుగా పెట్టుకున్నాను. మీవాళ్లు గోడతెర ఎందుకు వేలాడదీశారో ఇప్పుడు తెలిసింది. మే నెలలో వాళ్లని వెక్కిరించాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రోజూ రెండుపూటలా క్యారియరు కట్టి సబ్‌జైలుకి తీసుకెళుతున్నాను. భావన్న నన్ను చూడనన్నాడు. జవాను తీసుకుని లోపలికి వెళతాడు, అలాగే తెచ్చి ఇస్తాడు. పధ్నాలుగు రోజులు ఎలా కట్టింది అలాగే తిరిగి వచ్చింది. ఇంటికొచ్చి అది నేనే తింటున్నాను, పారెయ్యడం ఇష్టంలేక. ఊళ్లోవాళ్లు నన్ను చూసి, ఇదేం మనిషి, చేతులారా లోపలికి పంపి చేతులారా వండిపెడుతున్నాడు అనుకుంటున్నారు. నీ ముసలాయన రెండో చెయ్యి సంగతి వాళ్లకేం తెలుసు?

నువ్వు వాడికి మళ్లీ రాయి. నా గురించి రాయకు. అక్కడ మంచు పడుతోందని, చేతులు కొంకర్లు పోతున్నాయని, ఏవో ఒకటి రాయి. చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. సైకిలు ప్రకటన చదివినదానివి, నీకు తెలుసు.

ఇవాళ కాలం కాని కాలంలో కాపు కాసిన కొమ్మనుంచి ఎవరో రెండు మామిడికాయలు తెస్తే పప్పులో వేశాను. చిన్నప్పుడు వాడు దానికోసం నీతో కొట్టుకునేవాడు. మధ్యాహ్నం క్యారియరు తిరిగి వచ్చింది. ఎప్పటిలాగే బరువుగా ఉంది. అన్నం అలాగే ఉంది, కూర అలాగే ఉంది, మజ్జిగ అలాగే ఉంది.

అడుగు గిన్నె తీశాను. పప్పు లేదు. గిన్నె కడిగి ఉంది.

మావయ్య